అడుగు పడని చేను

పొగమంచు తెరల్లో తేలుతున్నట్టుండే ఓ చేనులో ఎర్రమ్మ అనే వానపాము ఉండేది. కలలో తిరుగుతున్నట్టు మెల్లగా కదులుతూ, మట్టినంతా గుల్లచేసి మెత్తబరిచేది.

చేను సాగుచేసేవారికి ఏటా బుట్టెడు నూకలిస్తానని అడవిరాజు సింహం చాటింపు వేయించింది. పంచడానికి తాబేలు వచ్చింది.

"చేనులో ఎవరి అడుగులుంటే వాళ్లకే సాయం. నీ అడుగేదమ్మా?" అంది.

"నాకు కాళ్లే లేవు కదా తాతా! ఈ మెత్తదనమంతా నా కష్టమే."

"కనపడుతూనే ఉందమ్మా. కానీ రాజుగారు అడుగే చూడమన్నారు."

షికారుకొచ్చిన నెమలి అడుగులు ఆ తడిమట్టిలో పూలు అద్దినట్టున్నాయి. బుట్ట నెమలికే దక్కింది.

"నాలుగు గింజలు నాకూ పెట్టన్నా," అంది ఎర్రమ్మ.

"అడుగులు నావి, నూకలూ నావే," అంటూ నెమలి పురి విప్పింది.

ఎర్రమ్మ చల్లని మట్టి అడుగుకి జారి, చుట్టచుట్టుకుని నిద్రపోయింది. ఆ నిద్రమీదుగా వానలు వచ్చాయి, వెళ్లాయి. గుల్లచేసేవారు లేక పైన చేను బండబారిపోయింది.

మరుసటి ఏడు తాబేలు మళ్లీ బుట్టతో వచ్చింది. నెమలి చేనంతా తిరిగింది, గెంతింది, గోళ్లు అరిగేలా తొక్కింది.

తాబేలు కళ్లు చికిలించి నేలంతా వెతికింది.

"నీ అడుగేది నాయనా?" అంది.