తలుపు పక్క కుర్చీ

"లే అవ్వా, ఆ కుర్చీ ఇవాళ నాకు కావాలి."

తలుపు పక్కన చిట్టచివరి కుర్చీలో అప్పుడే కూలబడిన అవ్వ ఉలిక్కిపడి లేచింది. తెల్లారగట్ల నుంచి మందిరమంతా తుడిచి, రెండు వందల కుర్చీలు వరసగా వేసి, తాగే నీళ్లు పట్టి, ఇప్పుడే కాస్త కాళ్లు చాపుకుంది. ఎదురుగా ఇస్త్రీ నలగని కోటుతో మాస్టారు నిలబడి ఉన్నారు. ముప్పై ఏళ్లుగా ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు కథలు చెబుతున్న పెద్దమనిషి.

"ఇదా మాస్టారూ? దీనికి ఒక కాలు పొట్టి. కూర్చుంటే ఊగుతుంది. మీకు ముందు వరసలో మెత్తటిది వేశాను కదా?"

"మెత్తటివి మనకెందుకవ్వా? నాకీ చివరిది చాలు," అన్నారు మాస్టారు, నాలుగు వరసల అవతలికి వినబడేలా.

అవ్వ చేతిలోని గుడ్డతో కుర్చీ తుడిచి ఇచ్చింది. దగ్గర్లో వేరే కుర్చీ ఏదీ ఖాళీ లేక గోడకు ఆనుకుని నిలబడింది. ఇదంతా ముందు వరసలోంచి చూసిన మాస్టారి భార్య గబగబా వచ్చింది.

"ఏమండీ, మళ్లీ మొదలుపెట్టారా? ముసలావిణ్ణి నిలబెట్టి మీరు కూర్చోవడమేమిటి?"

"నెమ్మదిగా మాట్లాడు. విందుకు పిలిస్తే చివర కూర్చోమని ప్రభువే చెప్పాడు. పిలిచినవాడే వచ్చి పైకి తీసుకెళ్తాడు."

"ఆయన కూర్చోమన్నాడు. ఎప్పుడు పిలుస్తారా అని మెడ చాచి చూడమనలేదు."

"నీకేం తెలుసే!"

"నాకు తెలియకేం? పోయినేడాది సభలోనూ ఇదే భాగోతం. మన పాస్టరుగారు వచ్చి చెయ్యి పట్టుకు లాగేదాకా లేచారా? వినయం మీది, నడుంనొప్పి ఆయనది!" అని విసురుగా వెళ్లిపోయింది.

ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. కానీ ఇవాళ మాస్టారిది అవేవీ చెవికెక్కే స్థితి కాదు. మందిరం పక్కన కొత్త హాలు కట్టారు. దాని తలుపు ఎవరిచేత తెరిపిస్తారో కమిటీవాళ్లు ఎవరికీ చెప్పకుండా కవరులో పెట్టి అంటించేశారు. ముప్పై ఏళ్ల సేవ! ఆ తలుపు తాళంచెవి తన చేతిలో పడకపోతే రేపట్నుంచి ఎవరికి మొహం చూపించాలని ఆయన వారం రోజులుగా కుమిలిపోతున్నారు. అయినా పడకుండా ఎక్కడికి పోతుంది? కోటు జేబులో రెండు పేజీల ప్రసంగం కూడా సిద్ధంగా ఉంది. వినయం గురించి.

పాటలయ్యాయి, ప్రార్థనలయ్యాయి. అతిథిగా వచ్చిన పాస్టరుగారు వేదిక మీద కవరు చింపారు. ఆయనకు ఇక్కడ ఎవరి మొహమూ తెలియదు.

"తలుపు పక్కన చివరి కుర్చీలో కూర్చునే వ్యక్తిని కొత్త హాలు తెరవడానికి ముందుకు పిలుస్తున్నాం," అని చదివి, కళ్లజోడు పైనుంచి వెనక్కి చూశారు.

మాస్టారు కోటు సర్దుకున్నారు. చూశావా ప్రభువా, నీ మాట పొల్లుపోదు! పిలిచీ పిలవగానే లేస్తే బాగుండదని మనసులో మూడు లెక్కపెట్టబోయి, రెండు దగ్గరే లేచారు.

"అవ్వా, ఈ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వకు," అన్నారు గట్టిగా. "తలుపు తెరిచి మళ్లీ ఇక్కడికే వస్తాను. నా చోటు ఇదే."

"అలాగే మాస్టారూ. మీరు వెళ్లిరండి, నేను చూసుకుంటాను."

మాస్టారు తల వంచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. అటూ ఇటూ గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కిసుక్కుమని నవ్వి, దాన్ని దగ్గుగా మార్చేశారు. ముందు వరసలోంచి భార్య కళ్లు పెద్దవి చేసి, వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది. పాపం, సంతోషం పట్టలేకపోతోంది అనుకున్నారాయన.

వేదిక ఎక్కి చెయ్యి చాపారు. పాస్టరుగారు బల్ల మీది తాళంచెవి అందుకుని, "ఒక్క నిమిషమండీ, ఇంకో రెండు ముక్కలున్నాయి," అంటూ కాగితం తిప్పారు.

"ఇరవై రెండేళ్లుగా అందరికంటే ముందు వచ్చి ఈ నేల తుడిచి, అందరికీ కుర్చీలు వేశాకే తాను కూర్చునే మన అవ్వ..."

పాస్టరుగారు చదవడం ఆపేశారు. కాగితం వైపు చూశారు. ఎదురుగా ఉన్న మాస్టారి కోటు వైపు చూశారు. తాళంచెవి ఆయన గుప్పిట్లోనే ఉండిపోయింది.

మాస్టారి చెయ్యి గాల్లోనే ఉంది. దాన్ని వెనక్కి ఎలా తీసుకోవాలో ఆయనకు తెలియలేదు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఎక్కడైనా కాస్త కూలబడితే చాలని ముందు వరస కేసి చూశారు. ఆ మెత్తటి కుర్చీలో ఆలస్యంగా వచ్చిన నిండు గర్భిణి ఎవరో కూర్చుని ఉంది. ఆ వరసలో ఆ చివరనుంచి ఈ చివరిదాకా ఒక్క కుర్చీ ఖాళీ లేదు.

రెండు వందల తలలు ఒక్కసారిగా వెనక్కి తిరిగి తననే చూడటంతో అవ్వ హడలిపోయింది. పాస్టరుగారు ఏం చదివి ఎందుకు ఆగిపోయారో ఆమెకు అర్థం కాలేదు. అంత దూరంలో మాస్టారు దిక్కులు చూస్తుండటం మాత్రం కనబడింది. తన మాట మీద నమ్మకం లేక కాబోలనుకుని, ఊగే కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కేకేసింది:

"కంగారుపడకండి మాస్టారూ! మీ చోటు మీకే ఉంది, ఎవర్నీ కూర్చోనివ్వలేదు!"