డీజిల్ ట్యాంకు తాళం

"ట్యాంకుకు తాళం ఏసిన కాడ్నుంచే లారీకి రోగం పట్టింది. రోగం లారీకా, డ్రైవరుకా?"

స్కూటీకి స్టాండు వేస్తూనే అంది నాగలక్ష్మి. లారీ ఆమెది. చర్లలో మిర్చి బస్తాలు ఎత్తుకుని ఖమ్మం యార్డుకు బయల్దేరిన ఆ లారీ, పోలీసు క్యాంపు దాటిన మలుపులో టేకుచెట్ల పక్కన నిలబడిపోయింది. ఇది మొదటిసారి కాదు. కొంతదూరం నడుస్తుంది, దగ్గుతుంది, ఆగుతుంది. కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. నాటకం కాకపోతే ఇదేం జబ్బని ఆమె వాదన.

డ్రైవర్ ముసలయ్య బంపరు మీంచి లేవలేదు. జేబులోంచి చిన్న అట్టపెట్టె తీసి, అందులోని వక్కపలుకు ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"నేను కొన్న తాళం వచ్చిన పెట్టెను గూడ ఇడ్వలేదా నువ్వు?"

"నువ్వు కేబిన్ల పారేసినవ్. వక్కలకు మంచిగుందని దాసుకున్న. గిది గూడ దొంగతనమేనా?"

ఆ దారిలో కిరాణా కొట్లలో డీజిల్ సీసాల్లో దొరుకుతుంది. అది ఏ లారీల్లోంచి వస్తుందో అందరికీ తెలుసు. ఎవరో పుణ్యాత్ముడు నాగలక్ష్మి చెవిన వేశాడు. ఆమె ఆ పూటే భద్రాచలంలో తాళం మూత కొని ట్యాంకుకు బిగించింది. తాళంచెవిని పిన్నీసుతో పుస్తెలతాడుకు తగిలించుకుంది. మొగుడిని కూడా అంత భద్రంగా చూసుకుని ఉండదు.

చర్ల నుంచి బైకు మీద వచ్చిన మెకానిక్ తబ్రేజ్, ఆ ఇద్దరి మధ్య తలదూర్చడం కంటే ఇంజన్లో తలదూర్చడం మేలనుకున్నాడు. ఫిల్టరు విప్పాడు. శుభ్రంగా ఉంది. పైపులు తడిమాడు. ఎక్కడా చెమ్మ లేదు. ఇంజన్‌కు డీజిల్ లాగే చేతిపంపు నొక్కాడు. లోపలికి పోయిన పిడి తిరిగి పైకి రాలేదు, ఎవరో లోపలి నుంచి పట్టుకుని గుంజుతున్నట్టు.

"అక్కా, ఇంజన్ల ఏం లేదు. ఉంటే ట్యాంకు కాడ్నే ఉన్నది. మూత తియ్యాలె."

"నువ్వు గిదే అంటవని నాకు తెలుసు. ఇద్దరు కూడబలుక్కున్నరా? ఇయ్యాల మూత తీస్తే రేపు తాళమే వద్దంటడు. నేను తియ్య."

"తియ్యకుంటే లారీ నడ్వదక్కా."

"వేరే డ్రైవరొస్తే అదే నడుస్తది. ముసలయ్యా, లారీ తాళాలు ఇటియ్యి. రేపటి సంది రాకు."

ముసలయ్య పళ్ల కింద వక్క పటుక్కుమంది. ఈ రోడ్డు మీదే అతని జుట్టు నెరిసింది. దొంగ అన్న పేరుతో దిగితే రేపు ఏ ఓనరు స్టీరింగు చేతికిస్తాడు? అతనికి ఒళ్లు మండింది.

"మాన్పిస్తే మాన్పియ్యి. కని దొంగోని లెక్క దిగ. నీ చేత్తోని, నీ తాళంతోని, గీ తబ్రేజ్ ముందల మూత తియ్యి. డీజిల్ తగ్గితే క్యాంపు కాడికి నేనే నడుసుకుంట పోత. తగ్గకుంటే ఆ మాట ఈడ్నే ఎన్కకు తీస్కో. అప్పటిదాంక తాళాలు ఇయ్య."

గుప్పిట బిగించాడు. ఆమె మెడలో ఒక తాళంచెవి, ఇతని గుప్పిట్లో ఇంకొకటి. మధ్యలో మిర్చి ఘాటుకు తబ్రేజ్ తుమ్ములు.

చెట్ల వెనక మబ్బు కమ్ముకొస్తోంది. మిర్చి తడిస్తే రైతులు ఊరుకోరు. నాగలక్ష్మి ఒకసారి మబ్బును చూసింది, ఒకసారి ముసలయ్యను చూసింది. అతను మబ్బు వైపు చూడనే లేదు.

"ఎంత పొగరు" అని గొణుక్కుంటూ పిన్నీసు విప్పింది.

తాళం తిరిగింది గానీ మూత రాలేదు. తబ్రేజ్ బలమంతా పెట్టి తిప్పాడు. ఒక్కసారిగా బుస్సుమంది. నాగలక్ష్మి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. గాలి బయటికి రాలేదు, లోపలికి పోయింది. ఆమె కర్ర విరిచి ముంచి చూసింది. మళ్లీ ముంచి చూసింది. డీజిల్ ఎంత ఉండాలో అంతా ఉంది.

తబ్రేజ్ మూతను తిరగేశాడు.

"అక్కా, గీ సన్న బొక్కను ఎంసీల్ ముద్దతోని మూసిందెవరు?"

"నేనే. అండ్లకెల్లి పైపు దూర్చి గుంజుతడని."

"సూది పట్టని బొక్కల పైపెట్ల దూరుతది? ట్యాంకు గాలి పీల్చేది గీడికెల్లే. గాలి లోపలికి పోకుంటే డీజిల్ బయటికెట్లొస్తది? లారీ ఆగినప్పుడు ఏడనో సందులకెల్లి కొద్దికొద్దిగ గాలి దూరుతది, అందుకే మళ్ల స్టార్టయితది. దాని ముక్కు నువ్వే మూసినవ్."

స్క్రూడ్రైవరు మొనతో ఎంసీల్ పొడిచి తీసేశాడు. మూత బిగించి చేతిపంపు కొట్టాడు. ఈసారి పిడి బుద్ధిగా పైకీ కిందికీ ఆడింది. ముసలయ్య ఎక్కి సెల్ఫ్ కొట్టాడు. ఇంజను వెంటనే అందుకుంది.

నాగలక్ష్మి కిటికీ కిందికి వచ్చి నిలబడింది. ఆమె మొహం చిన్నబోయింది.

"ఆ మాట ఎన్కకు తీసుకుంటున్న అన్నా. తప్పయింది." తాళంచెవి ఉన్న చేతిని పైకి చాపింది. "ఇగ ఇది నీ కాడనే ఉంచుకో. నాకు నమ్మకం కుదిరింది."

ముసలయ్య దాన్ని తీసుకోలేదు. జేబులోని వక్కల పెట్టె తీసి ఆమె అరచేతిలో బోర్లించాడు. వక్కపలుకులతో పాటు ఇంకో తాళంచెవి జారిపడింది. అచ్చం ఆమె తాళంచెవికి జోడీ.

"నీది నీ మెడలనే ఉంచుకో అమ్మా" అన్నాడు గేరు వేస్తూ. "గిది, నువ్వు పెట్టె పారేసిన దినం సంది నా కాడనే ఉన్నది."