నలభయ్యో కాగితం

కూర్చోమంటే జీబెక్ తలుపు వైపు చూసింది. అక్కడ తెల్లకోటు వేసుకుని నిలబడిన సాల్కిన్ అపా తలాడించాకే కుర్చీ అంచున కూర్చుంది.

సాల్కిన్ అపా ఆ పిచ్చాసుపత్రికి హెడ్ నర్సు. డాక్టర్ల దగ్గర్నుంచి వంటమనిషి దాకా అక్కడ అందరూ ఆమెని 'అపా' అనే పిలుస్తారు, అంటే అమ్మ. సారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పమనీ, ఎక్కువ వాగొద్దనీ జీబెక్‌ని హెచ్చరించి, తలుపు ఓరగా వేసి వెళ్లింది. ఎంతో దూరం వెళ్లలేదు. చెప్పుల చప్పుడు గుమ్మం అవతలే ఆగిపోయింది.

సారు పేరు ఎమిల్బెక్. కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో ఒక ప్రొఫెసరు కింద మూడేళ్లుగా పరిశోధన వెలగబెడుతున్నాడు. మనిషి బతుకు ఎంత నాణ్యంగా ఉందో ఇరవై అయిదు ప్రశ్నలతో వంద మార్కులకి తూచెయ్యడం ఆయనగారి విద్య. ఈ కట్టలో ముప్పై తొమ్మిది కాగితాలు అయిపోయాయి. అన్నీ అరవై దాటాయి. దాటనివాటిని తనే దాటించాడు. ఈ ఒక్కటీ దాటితే సాయంత్రం బస్సు ఎక్కేయొచ్చు. దాటకపోతే ప్రొఫెసరు మొహం మాడ్చుకుంటాడు, పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

అతను కాగితాలు సర్దుకుంటుంటే జీబెక్ కిటికీలోంచి చూస్తోంది. ఆవరణలో, ఎండలో, నీలం గౌన్ల ఆడవాళ్లు అయిదారుగురు బెంచీల మీద ఊరికే కూర్చున్నారు. ఒకామె నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"ఆ వార్డు వాళ్లని అలా ఎంతసేపైనా కూర్చోనిస్తారా?" అని అడిగింది. "మార్కులు తగ్గితే నన్ను అక్కడ పడేస్తారని అపా చెప్పింది."

"ఊరికే బెదిరించి ఉంటుంది. భయపడకు."

"భయమని నేనన్నానా సార్? మంచం ఖాళీ ఉందేమో కనుక్కోండి. మందులు కూడా మింగుతాను."

ఎమిల్బెక్ వినిపించుకోలేదు. మొదటి ప్రశ్న చదివాడు.

"ఇప్పుడున్న చోటికి నీ ఇష్టంతోనే వచ్చావా?"

"నలుగురు పట్టుకుని కారులో కుక్కి తెచ్చారు. అరిచాను, కరిచాను. లోపలికి ఈడ్చుకెళ్లాక ముసలాళ్లు నా తలకి తెల్లగుడ్డ చుట్టారు. ఆరేళ్లయింది."

ఎమిల్బెక్‌కి చీమ కుట్టినట్టయినా లేదు. ఇలాంటివి చాలా విన్నాడు. సున్నా వేసి, మీవాళ్లెవరూ రాలేదా అని మాత్రం అడిగాడు. వాళ్లమ్మ వచ్చిందట. కాసేపు ఏడ్చి, ఉండిపో, నెమ్మదిగా అలవాటవుతుందిలే అని చెప్పి వెళ్లిపోయిందట.

పొద్దున్న ఎన్నింటికి లేస్తావంటే, అయిదింటికి లేపుతారంది. తిండి అందరిదీ అయ్యాక, మిగిలితే. ఫోను వాళ్ల దగ్గరే ఉంటుంది. గేటు దాటాలంటే ఎవరో ఒకరు వెంట రావాలి. సరదాకి ఏం చేస్తావన్న ప్రశ్నకి చాలాసేపు ఆలోచించి, వాళ్లకి టీ పోస్తానంది. గిన్నెలో సగమే పోయాలట. నిండా పోస్తే తిట్లట.

నీతో ఉండేవాళ్ల పేర్లు చెప్పమంటే నోరు బిగించుకుంది. పేర్లు పలకకూడదంది. పెద్దాయన, పొడుగాయన, సణుగుడామె, ఏడుపుగొట్టు అని వేళ్లు మడిచి లెక్క చెప్పింది. ఎమిల్బెక్ విసుక్కుంటూ 'నలుగురు' అని రాసుకుని పేజీ తిప్పాడు.

ఇరవై ప్రశ్నలయ్యేసరికి పన్నెండు మార్కులు. అతనికి ఒళ్లు మండింది.

"చూడమ్మా, వేళకి ఇంత తిండి పడుతోంది. నెత్తి మీద కప్పుంది. నిన్నెవరూ రోడ్డు మీద వదిలెయ్యలేదు. 'తృప్తిగా ఉంది' అంటే నీ సొమ్మేం పోయింది?"

"మీరే రాసుకోండి సార్. కాగితం మీది, పెన్ను మీది. మధ్యలో నా నోరెందుకు?"

ఈ మొద్దు మొహాలకి పొగరు కూడానా అనుకున్నాడు ఎమిల్బెక్. ఎండకీ చలికీ చెంపలు పగిలిన కొండ మనుషులు తనకి ఎదురు చెబితే అతను సహించలేడు. పైగా ఇది తృప్తిగా ఉంటే తన పట్టా కూడా తృప్తిగా చేతికొచ్చేది. మిగిలిన అయిదు ప్రశ్నలూ గబగబా చదివేశాడు. ఆఖరిది, మళ్లీ పుడితే ఇదే బతుకు కోరుకుంటావా అన్నది.

జీబెక్ నవ్వింది. లోపలికొచ్చాక నవ్వడం అదే మొదటిసారి. "ఈ ప్రశ్న రాసినాయన్ని ఒక్క వారం నా చోట ఉండి చూడమనండి. ఆయన ఏం చెబితే అదే నా జవాబు."

మొత్తం పదహారు.

ఎమిల్బెక్ పదహారు వైపు కాసేపు చూశాడు. తర్వాత దాన్ని కొట్టేసి, ఒకటీ ఆరూ అటూ ఇటూ మార్చాడు. అంకెలు రెండూ ఆమె సంపాదించుకున్నవేగా, తను కొత్తగా కలిపిందేమీ లేదని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

"అరవై ఒకటి. బాగా చెప్పావు."

జీబెక్ మొహంలో నెత్తురు లేకుండా పోయింది. "అంటే, ఆ వార్డు లేదా?"

"లేదు. నీకేం తక్కువ? బాగానే ఉన్నావు."

తలుపు తోసుకుని సాల్కిన్ అపా లోపలికొచ్చింది. అయిందా అనైనా అడగలేదు. వింటూనే ఉందిగా. "పద. బోలెడు పని పడుంది" అంది.

జీబెక్ లేచింది. నీలం గౌన్ల వైపు ఒకసారి చూసి, తల వంచుకుని అపా వెనకాలే గేటు దాటింది.

ఎమిల్బెక్ ఆ కాగితం మూల 'తలకి తెల్లగుడ్డ చుట్టి పెళ్లయి ఆరేళ్లు, హెడ్ నర్సు గారి కోడలు' అని రాసుకుని, రోగులతో పోల్చి చూడటానికి సిబ్బంది ఇళ్ల నుంచి పిలిపించిన నలభై మంది ఆరోగ్యవంతుల కట్టలో దాన్ని చేర్చి దారం బిగించాడు.