గూట్లో లక్ష్మి

"నిజాం రాజ్యమే పోయింది గని, నీ కాయితాలు పోతలెవ్వు! గూడు ఖాళీ చెయ్యి. నా ఆకువక్కల డబ్బ పెట్టుకోవాలె," అంది బుచ్చమ్మ.

గోడగూట్లో అగ్గిపెట్టె బొమ్మలు, సబ్బు కాగితాలు సర్దుకుంటున్న కోడలు సీతాబాయి చిన్నగా నవ్వింది. మదీనాగూడ అంగట్లో కొన్న బట్ట మీద మిల్లువాళ్లు అంటించిన లక్ష్మీదేవి కాగితపు బొమ్మను ఊడదీసి, దానికి గంజి రాసి, గూటి నడుమ అంటించింది.

"ఇప్పుడు తియ్యి అత్తా, జూద్దాం."

కాగితాలు లాగేయబోయిన బుచ్చమ్మ చెయ్యి ఆగిపోయింది. చెంపలు వేసుకుంది. గబగబా వెళ్లి దీపం తెచ్చి లక్ష్మి ముందు పెట్టింది.

"ఇగ ఇది దేవుని గూడు. దీపం కాడ కాయితాలుంటే అంటుకుంటయి. అన్నీ తియ్యి."

సీతాబాయి తెల్లబోయింది. "మరి నీ డబ్బ?"

"అమ్మవారికి తాంబూలం వద్దా?" అంటూ బుచ్చమ్మ డబ్బాను దీపం పక్కన పెట్టేసింది.