అసలైన కోటు

క్రిస్మస్ ఆరాధన అయిపోగానే వత్సవాయి చర్చి మెట్ల మీద, ఊరంతా మిలిటరీ అని పిలిచే నెహెమ్యా, కుర్రాడు ఫ్రాన్సిస్‌ని ఆపాడు. ఫ్రాన్సిస్ ఆన్‌లైన్‌లో తెప్పించిన పాతకాలపు మిలిటరీ జాకెట్ వేసుకొచ్చాడు.

"ఏందిరా ఈ పగటివేషం? మోచేతులు ఫ్యాక్టరీలోనే అరగదీసి అమ్మితే కొన్నావా? మంచులో కాపలా కాసినోళ్ల బట్టరా అది. నువ్వు వత్సవాయి చలికే ముసుగుతన్ని పడుకుంటావు!"

జనం నవ్వారు. ఫ్రాన్సిస్ తల దించుకున్నాడు.

"అసలుదంటే ఇదీ! కాశ్మీర్‌లో సర్కారోళ్లు నాకిచ్చింది. పట్టుకుని చూడు," అంటూ నెహెమ్యా తన కోటు విప్పి అతని చేతుల్లో పడేశాడు.

కాలరు లోపల కుట్టిన పట్టీని ఫ్రాన్సిస్ చదివాడు: 'బేతేలు టైలర్స్, జగ్గయ్యపేట.'

పట్టీ కనపడకుండా కాలరు మడిచి, కోటు తిరిగిస్తూ మెల్లగా అన్నాడు:

"తొందరగా వేసుకో బాబాయ్, అందరూ చూస్తున్నారు."