పాలపిట్ట గొంతు

నల్లమలలో పాలపిట్ట కూత వినిపించినంత కాలం చెంచుగూడేనికి అడవి నిధి అందుతుంది. కూత ఆగితే ఆ డబ్బు బయటి నుంచి కొత్త పిట్టలను తేవడానికి మళ్లుతుంది. చెట్లకు కట్టిన యంత్రాలు వింటూ ఉంటాయి.

ఆ నిధితోనే డాక్టరమ్మ గూడేనికి వచ్చి, కిడ్నీలు చెడిన అంకమ్మకు రక్తం శుద్ధి చేసేది.

చచ్చిపడి ఉన్న చివరి పాలపిట్టను పూడ్చింది అంకమ్మ భర్త బయ్యన్నే. ఆ సంగతి దాచి, రోజూ యంత్రం కట్టిన చెట్టు కింద నిలబడి పాలపిట్టలా కూసేవాడు.

ఒకనాడు అంకమ్మ వెనకే వెళ్లి చూసింది.

"నీ కోసమేనే," అన్నాడు బయ్యన్న.

"అట్లయితే కొత్త పిట్టలెట్ల వస్తయి? పోరగాండ్లు చూడొద్దా? ఇగ కూయకు."

అతను మానేశాడు. డాక్టరమ్మ రావడం ఆగింది. వానలకు ముందే అంకమ్మ పోయింది.

కొత్త పాలపిట్టలను వదిలిన రోజు గూడెం పిల్లలంతా కేకలు వేశారు. బయ్యన్న మాత్రం తల ఎత్తలేదు.