తొమ్మిదేళ్లలో సగం

ఇప్పుడు మా ఊరి ఆసుపత్రిలో డాక్టరమ్మను చూడాలంటే ముందు గోడకు జవాబు చెప్పాలి. జబ్బు ఏదైనా సరే, ఆ గోడలో బిగించిన యంత్రం గొంతు కల్లు, సారా, బీడీల సంగతి అడుగుతుంది. తాగుడు మాని ఐదేళ్లు నిండినవాళ్లకే కొత్త మోకాలు వేస్తారు.

"కొమురయ్య గారూ, మానేసి ఎన్నేళ్లయింది?"

"తొమ్మిదేండ్లు."

"నాలుగున్నరేళ్లని రాసుకున్నాను. ఐదు నిండాక రండి."

ఇలా జరగడం ఇది మూడోసారి. చేతికర్రతో ఆ గోడను పొడవాలనిపించింది.

నర్సు స్వరూప నవ్వింది. "అందరూ ఎక్కువ జేసి చెప్తరని అది సగం కోసుకుంటది తాతా. ఊరంత రెట్టింపే చెప్తున్నరు. నువ్వు గూడ పద్దెనిమిది అను."

"నేను మానింది తొమ్మిదే గదా బిడ్డా!"

"మోకాలు గావాల్నా, వద్దా?"

నా భార్య బాలవ్వ పక్కనే కూర్చుని ఉంది. తాగే రోజుల్లో, తాగలేదని రోజూ ఆమెతో అబద్ధమాడేవాణ్ణి. మానిన రోజు ఆమె చేతిలో చెయ్యేసి, ఇక తాగననీ, అబద్ధమాడననీ ఒట్టేశాను. రెండూ నిలబెట్టుకున్నాను.

"అను," అంది బాలవ్వ. "నాలుగు మెట్లెక్కలేకపోతున్నవ్."

"పద్దెనిమిదేండ్లు," అన్నాను.

"తొమ్మిదేళ్లు. ఈసారి నిజం చెప్పినందుకు సంతోషం," అంది గోడ. తలుపు తెరుచుకుంది.

లేవమని బాలవ్వ చెయ్యి అందించింది. పట్టుకుని లేచాను గానీ, తాగొచ్చిన రోజుల్లోలాగే ఆమె మొహంలోకి చూడలేకపోయాను.